చీకటిలో వెలిగిన అక్షరదీపం – చిలకమర్తి లక్ష్మీనరసింహం

ఒక ప్రాంతపు గొప్పతనాన్ని దాని పంటలతోనూ, కట్టడాలతోనూ కొలవడం లోకంలో పరిపాటి. గోదావరి డెల్టాను గూర్చి మాట్లాడేవారు ధవళేశ్వరం ఆనకట్టను, పచ్చని వరిచేలను, కొబ్బరితోటలను తలచుకొంటారు. మన కడియం పేరు చెప్పగానే నర్సరీలలోని పూలమొక్కలు కళ్ళకు కడతాయి. ఇవన్నీ చూసి ఆనందించవలసినవి. కానీ ఈ నేల కన్న మహనీయులలో ఒకరు ఈ పచ్చదనాన్ని జీవితంలో చాలా భాగం చెవులతో విని, మనసుతో ఊహించి అనుభవించారు. ఆయనే కళాప్రపూర్ణ చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. మనకు పొరుగునే ఉన్న రాజమహేంద్రవరాన్ని తన కర్మభూమిగా చేసుకొని, క్రమంగా చూపు తగ్గిపోతున్నా కలాన్ని విడువక, ఆంధ్రదేశాన్ని అర్ధశతాబ్దికి పైగా నవ్వించి, ఏడిపించి, ఆలోచింపజేసిన ధన్యులు వారు.

చిలకమర్తి వారిని నాటకకర్తగా, నవలాకారునిగా, హాస్యరచయితగా మన పాఠ్యపుస్తకాలు పరిచయం చేస్తూనే ఉన్నాయి. అయితే చూపులేని మనిషిగా ఆయన ఎట్లు జీవించారు, చివరి సంవత్సరాలలో ఏమి సాధించారు, ఆ జీవితం నేటి వికలాంగ విద్యార్థులకు, వారితో కలిసి చదువుకొనే మనకు ఏమి మిగిల్చింది అనే విషయాన్ని తలపోయడం తక్కువ. ఆ లోటును ఈ చిన్న వ్యాసంలో కొంతవరకైనా తీర్చాలని మా ప్రయత్నం.

బాల్యము – విద్య

లక్ష్మీనరసింహం గారు 1867వ సంవత్సరం సెప్టెంబరు 26వ తేదీన నాటి గోదావరి జిల్లాలోని ఖండవల్లి గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించారు. తల్లిదండ్రులు వెంకటరత్నమ్మ, వెంకన్న గార్లు. స్వగ్రామం వీరవాసరం. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి పదిహేనేళ్ళు. కాలువల నీటితో పల్లెలు పంటలు పండిస్తున్నాయి, ఇంగ్లీషు చదువులు పట్టణాలలో మొలకెత్తుతున్నాయి. ఆ రెండు మార్పుల నడుమ ఆయన బాల్యం గడిచింది. వీధిబడి చదువుతో ఆరంభించి, తరువాత ఉన్నత పాఠశాల చదువు సాగించి, రాజమహేంద్రవరం చేరుకొన్నారు.

చిన్ననాటి నుండియే ఆయనకు రేచీకటి. పగలు కనిపించిన ప్రపంచం ప్రొద్దు క్రుంకగానే మాయమయ్యేది. నేటి విద్యార్థికి దీని అర్థం పూర్తిగా తెలియకపోవచ్చు. విద్యుద్దీపాలు లేని కాలమది. ఆముదపు దీపపు వెలుతురులోనో, కిరసనాయిలు బుడ్డి ముందో కూర్చొని పిల్లలు పాఠాలు వల్లె వేసుకొనేవారు. తోటివారికి రాత్రి కూడా చదువుకొనే సమయమే. రేచీకటి గల బాలునికి సూర్యాస్తమయంతోనే పుస్తకం మూతబడుతుంది. అటువంటివానికి రెండే దారులు: పగలంతా ఇతరుల కంటె ఎక్కువ శ్రద్ధతో చదివి గుర్తుంచుకోవడం; రాత్రివేళ ఎవరైనా చదువుతుంటే విని మనసులో నిలుపుకోవడం. వినికిడిని, ధారణను చిన్నప్పుడే పదునుపెట్టవలసి వచ్చినవాడు తరువాతి కాలంలో ఆశువుగా పద్యాలు చెప్పగలవాడు కావడంలో ఆశ్చర్యం లేదు.

రేచీకటి అందరికీ ఒకే కారణం చేత రాదు. ఆహారంలో ఏ విటమిను లోపించడం వలన వచ్చేది ఒక రకం. ఆకుకూరలు, పాలు, గుడ్లు వంటి ఆహారంతోనూ, సకాలంలో ఇచ్చే మందుతోనూ దానిని నివారించవచ్చు. కంటిలోపలి పొర క్రమంగా క్షీణించడం వలన వచ్చేది మరొక రకం; అది తరచు వంశపారంపర్యంగా వస్తుంది, వయసుతో పాటు ముదురుతుంది. మొదటి రకపు అంధత్వం నుండి పిల్లలను కాపాడుటకై 1970లో మన దేశంలో ఏ విటమిను ద్రావణాన్ని పంచే కార్యక్రమం మొదలయింది. దానికి ఆధారమైన పరిశోధన మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగిందన్న సంగతి మనకు గర్వకారణం. చిలకమర్తి వారి బాల్యంలో ఈ జ్ఞానమేదీ లేదు. రాత్రి చూపుతో మొదలైన లోపం క్రమంగా పగటి చూపును కూడా హరించి, వారిని అంధత్వానికి చేర్చింది.

నాటకము, నవల

ఆ రోజులలో రాజమహేంద్రవరం ఒక సామాన్య పట్టణం కాదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు అక్కడ తొలి వితంతు వివాహం జరిపించి తెలుగునాటిని కుదిపివేశారు. అప్పటికి చిలకమర్తి వారికి పదునాలుగేళ్ళు. తరువాతి కాలంలో వారు పంతులుగారి ఆశయాలకు వారసులలో ఒకరయ్యారు. పట్టణంలోని పాఠశాలలలో ఉపాధ్యాయవృత్తి చేపట్టారు. సరిగా ఈ సమయాననే నాటకాలు ఆయనను పిలిచాయి.

ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరంలో నాటక ప్రదర్శనలు ఏర్పాటు చేస్తూ, నాటకాలు వ్రాసి ఇమ్మని యువకుడైన చిలకమర్తి వారిని ప్రోత్సహించారు. ‘కీచకవధ’తో ఆరంభమైన ఆ రచన ‘ప్రసన్నయాదవము’, ‘గయోపాఖ్యానము’, ‘పారిజాతాపహరణము’ మొదలైన వాటితో విస్తరించింది. ఆ ప్రదర్శనలలో వేషాలు కట్టిన బాలురలో తరువాతి కాలపు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఒకరు. ‘గయోపాఖ్యానము’ పొందిన ఆదరణ తెలుగు నాటక చరిత్రలో అపూర్వం. శ్రీకృష్ణునికీ అర్జునునికీ నడుమ వైరం తెచ్చిపెట్టిన గయుని కథ అది. ఆ పుస్తకం లక్ష ప్రతులకు మించి అమ్ముడుపోయింది. చదువుకొన్నవారే అతి స్వల్పంగా ఉన్న కాలంలో ఒక తెలుగు నాటకం ఇన్ని చేతులలోకి వెళ్ళడమంటే, ఊరూరా నాటక సమాజాలు దానిని ఆడాయని అర్థం. 1963లో వచ్చిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ చలనచిత్రం చూసినవారికి ఆ కథ సుపరిచితమే.

నవలారచనలో కూడా వారు ముందువరుసలోనే నిలిచారు. న్యాపతి సుబ్బారావు పంతులుగారి ప్రోత్సాహంతో ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు నిర్వహించగా, 1894లో చిలకమర్తి వారి ‘రామచంద్రవిజయము’ బహుమతి గెలుచుకొన్నది. అటుపిమ్మట ‘హేమలత’, ‘అహల్యాబాయి’, ‘కర్పూరమంజరి’ వెలువడ్డాయి. బెంగాలుకు చెందిన రమేశ్ చంద్ర దత్తు నవలలను తెలుగు చేశారు. భాసుని సంస్కృత నాటకాలను ఆంధ్రీకరించారు. మహాపురుషుల జీవితాలను బాలబాలికలకు అర్థమయ్యే తేట తెలుగులో వ్రాశారు. ‘మనోరమ’, ‘దేశమాత’ పత్రికలను నడిపారు. చారిత్రక నవలల మూలంగా ఆంధ్ర స్కాట్ అనీ, అంధత్వంలో సాగించిన సాహిత్యసేవ మూలంగా ఆంధ్ర మిల్టన్ అనీ లోకం వారిని కొనియాడింది.

హాస్యం వారి సొత్తు. పకోడీ మీద కూడా పద్యాలు చెప్పి సభను నవ్వించగలిగినవారు వారు. ‘గణపతి’ నవలలో చదువుసంధ్యలు లేని ఒక కుటుంబపు తరాల కథను చెప్పి, పల్లెటూరి బ్రతుకులోని వింతలను, పంతుళ్ళ దెబ్బలను, పెళ్ళిళ్ళ ఆర్భాటాలను కళ్ళకు కట్టినట్లు చిత్రించారు. నవ్విస్తూ నవ్విస్తూనే అజ్ఞానం ఒక కుటుంబాన్ని ఎట్లు క్రుంగదీస్తుందో చూపారు. తరువాతి కాలంలో విజయవాడ ఆకాశవాణి ఆ నవలను నాటకంగా ప్రసారం చేయగా ఇంటింటా జనులు రేడియో చుట్టూ మూగి విన్నారు. చూపులేని రచయిత సృష్టించిన పాత్రలు, చూపుతో పనిలేని రేడియో ద్వారా మళ్ళీ జీవించడం ఒక చక్కని సంఘటన.

ఇక్కడ మరొక సంగతి చెప్పుకోవాలి. 1907 ఏప్రిల్‌లో వందేమాతరోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం విచ్చేసి ఉపన్యసించారు. ఆ ఆంగ్లోపన్యాసాలను తెలుగులో ప్రజలకు అందించినవారు చిలకమర్తి వారే. పరాయిపాలనలోని భారతదేశాన్ని పాడియావుతో పోల్చుతూ వారు ఆ సందర్భంలో చెప్పిన పద్యం ఆంధ్రదేశమంతటా మారుమ్రోగింది. ఉపన్యాసకుడు ఉద్వేగంతో మాట్లాడుతూ పోతుంటే విని, మనసులో నిలుపుకొని, వెంటనే మరొక భాషలో చెప్పడం కన్నులున్నవారికే కష్టం. అది పూర్తిగా చెవీ, జ్ఞాపకశక్తీ చేసే పని. చిన్ననాటి చీకటి రాత్రులు నేర్పిన విద్య ఆనాడు వేలాది జనులకు ఉపకరించింది.

తలుపులు తెరిచిన పాఠశాల

1909లో చిలకమర్తి వారు రాజమహేంద్రవరంలో హరిజన బాలుర కొరకు ఒక పాఠశాలను స్థాపించారు. దానికి రాజా రామమోహన రాయల పేరు పెట్టారు. నాటి సంఘస్థితిని ఒక్కసారి మనసుకు తెచ్చుకొంటే ఈ కార్యం ఎంత కఠినమైనదో బోధపడుతుంది. అంటరాని పిల్లలను బడి అరుగు మీదికి కూడా రానివ్వని రోజులవి. అగ్రవర్ణంలో జన్మించి, వారికి విద్య చెప్పించే పనికి పూనుకొన్నవానికి బంధువుల నుండి, ఇరుగుపొరుగుల నుండి సత్కారం లభించదు. కన్నులు సరిగా కనిపించని మనిషికి ఇతరుల సహాయం అడుగడుగునా కావాలి. అటువంటివాడు పదిమందికి కోపం తెప్పించే పని చేయడానికి మరింత ధైర్యం ఉండాలి. అయినా వారు వెనుదీయలేదు. అనేక సంవత్సరాలు ఆ పాఠశాలను నడిపారు.

ఆ పాఠశాలకు పెట్టిన పేరు మన కళాశాల విద్యార్థులకు మరింత ఆసక్తి కలిగించాలి. రామమోహన రాయలు అరబ్బీ, పారశీక భాషలను లోతుగా అభ్యసించిన పండితుడు. ఏకేశ్వరోపాసనను గూర్చి ఆయన వ్రాసిన తొలి గ్రంథం పారశీకంలోనిది. 1822లో ‘మిరాత్-ఉల్-అఖ్బార్’ అనే పారశీక పత్రికను కూడా నడిపారు. ఒక బెంగాలీ, పారశీకంలో ఆలోచించి, దేశమంతటికీ ఉపయోగపడే సంస్కరణకు దారి చూపితే, ఒక తెలుగువాడు గోదావరి ఒడ్డున ఆయన పేరుతో పేదలకు బడి తెరిచాడు. జ్ఞానానికి కులమూ లేదు, మతమూ లేదు, లిపి కూడా అడ్డుగోడ కాదని ఇంతకంటె వేరే నిదర్శనం కావలెనా?

మాకు తోచిన విషయమొకటి ఇచ్చట మనవి చేస్తాము. చిలకమర్తి వారు అంధుల కొరకు సంఘాలు స్థాపించలేదు, ఉద్యమాలు నడపలేదు. ఆ కాలానికి తెలుగునాట అటువంటి ఆలోచన ఇంకా పుట్టలేదు. కానీ విద్య నుండి గెంటివేయబడిన ఒక వర్గపు పిల్లలను వారు చేరదీశారు. బడి తలుపు కొందరికి మూసి ఉండరాదనే సూత్రమే తరువాతి తరాలలో వికలాంగుల హక్కుల ఉద్యమానికి కూడా పునాది అయింది. ఆ దృష్టితో చూస్తే ఆ ఉద్యమపు పూర్వీకులలో వారిని లెక్కించడం అసమంజసం కాదు.

చివరి సంవత్సరములు

వయసు మీరిన కొద్దీ మిగిలిన కాస్త చూపు కూడా పోయింది. అక్షరం చదవడానికి ఒకరు, అక్షరం వ్రాయడానికి ఒకరు, వీధి దాటడానికి ఒకరు కావలసిన స్థితి. సాధారణంగా ఇటువంటి స్థితిలో మనిషి మూలకు చేరి గతాన్ని తలచుకొని నిట్టూరుస్తాడు. చిలకమర్తి వారు గతాన్ని తలచుకొన్నారు గాని నిట్టూర్చలేదు. దానిని గ్రంథంగా చేశారు. డెబ్బది అయిదేళ్ళ వయసులో, 1940వ దశకపు ఆరంభంలో, తమ ‘స్వీయచరిత్రము’ను చెప్పి వ్రాయించారు.

చెప్పి వ్రాయించడంలోని కష్టం అనుభవించినవారికే తెలుసు. పద్యమైతే యతి, ప్రాస, గణాలు చేయిపట్టుకొని నడిపిస్తాయి. ఒక పాదం గుర్తుంటే తరువాతి పాదం అదే వస్తుంది. మన అవధానులు వందల పద్యపాదాలను మనసులో ధరించగలగడానికి ఛందస్సు చేసే సహాయం తక్కువది కాదు. వచనానికి ఆ ఊతం లేదు. నిన్న ఎక్కడ ఆపామో గుర్తుండాలి, చెప్పిన సంగతి మళ్ళీ చెప్పకూడదు, వందలాది పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు వరుస తప్పకుండా రావాలి. కాగితం వెనక్కి త్రిప్పి చూచుకొనే వీలు లేదు. అయినా వారి స్వీయచరిత్ర చదివినవారికి ఎక్కడా తడుముకొన్నట్లు తోచదు. పెద్దబాలశిక్ష నాటి వీధిబడి, పడవ ప్రయాణాలు, నాటకాల రిహార్సల్సు, వీరేశలింగం పంతులుగారి కాలపు కలకలం, పత్రికలు నడపడంలోని ఇక్కట్లు, అన్నీ ఒక తాతగారు అరుగు మీద కూర్చొని చెబుతున్నట్లు సాగుతాయి. తెలుగులో ఆత్మకథలు వేళ్ళమీద లెక్కించదగినన్ని ఉన్న రోజులలో అది ఒక మనిషి కథ మాత్రమే కాక, గోదావరి మండలపు ముప్పాతిక శతాబ్దపు సాంఘిక చరిత్రగా నిలిచింది. నాటి జీవితాన్ని గూర్చి పరిశోధించేవారు నేటికీ దానిని తెరవక తప్పదు.

ఇటువంటి జీవితాలు ఇతర భాషలలోనూ ఉన్నాయి. ఆంగ్లకవి మిల్టన్ చూపు కోల్పోయిన తరువాతనే తన మహాకావ్యాన్ని చెప్పి వ్రాయించి 1667లో ప్రకటించాడు. లక్నోకు చెందిన ఉర్దూ కవి ఖలందర్ బఖ్ష్ జుర్అత్ యౌవనంలోనే అంధుడైనా గజల్ కవిగా పేరు గడించాడు. ఈజిప్టుకు చెందిన తాహా హుసేన్ పసితనంలో సరియైన వైద్యం లేక చూపు పోగొట్టుకొన్నాడు. అయినా కైరో విశ్వవిద్యాలయపు డాక్టరేటు సంపాదించి, తన బాల్యాన్ని అరబ్బీలో ఆత్మకథగా చెప్పి వ్రాయించి, 1950లో ఆ దేశపు విద్యామంత్రి అయి, పేదపిల్లలకు ఉచిత విద్య కొరకు పోరాడాడు. చిలకమర్తి వారికీ తాహా హుసేన్ గారికీ పరస్పరం పరిచయం లేదు. భాష వేరు, మతం వేరు, దేశం వేరు. ఇద్దరూ చీకటిలో కూర్చొని ఆత్మకథ చెప్పారు. ఇద్దరూ ఇతరుల పిల్లలకు బడి తలుపు తెరిచారు.

1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చిలకమర్తి వారికి కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది. ఆలస్యంగా వచ్చినా అది తెలుగుజాతి తన ఋణాన్ని గుర్తించిన ఘట్టం. 1946 ఏప్రిల్ 30న, ఒకనాడు రాజమహేంద్రవరపు నాటకాలలో వేషాలు కట్టిన ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారు. తమ నాటకాల కుర్రవాడు రాష్ట్రాన్ని ఏలే నాయకుడు కావడం వరకు కవిగారు జీవించి ఉన్నారు. ఆ తరువాత ఏడు వారాలకు, 1946 జూన్ 17న వారు కన్నుమూశారు. వారు పాడియావుగా భావించిన దేశం బంధవిముక్తి పొందడానికి అప్పటికింకా పదునాలుగు నెలలు మిగిలి ఉన్నాయి.

మనకు మిగిల్చినది

మహనీయుల జీవితాలను పొగడి ఊరుకోవడం సులభం. వారి జీవితంలోని కష్టసాధ్యమైన భాగాన్ని గుర్తించడం మన ధర్మం. చిలకమర్తి వారి విజయంలో ప్రతిభ, పట్టుదల ఉన్న మాట నిజమే. అయితే వారికి చదివి వినిపించిన గొంతులు, చెప్పింది వ్రాసిపెట్టిన చేతులు కూడా ఆ విజయంలో ఉన్నాయి. ఆ చేతులలో చాలావాటి పేర్లు పుస్తకాల అట్టలపైకి ఎక్కలేదు. వారు పండిత కుటుంబంలో జన్మించారు. చుట్టూ విద్యావంతులు, మిత్రులు, ముద్రణాలయాలు ఉన్న పట్టణంలో నివసించారు. అదే సంవత్సరాలలో, ఇదే డెల్టాలో, ఏ కూలివాని ఇంటనో అటువంటి లోపంతోనే పుట్టిన బాలునికి ఆ గొంతూ లేదు, ఆ చేయీ లేదు. వాని ప్రతిభ ఏమయిందో చరిత్రకు తెలియదు. ఒక చిలకమర్తిని చూసి సంతోషించే వేళ, వెలుగుచూడని వందమందిని గూర్చి తలచకపోవడం అన్యాయం.

అంధుల చదువుకు దారులు ఆ కాలంలో ఎంత ఇరుకో చూడండి. ఫ్రాన్సు దేశంలో లూయీ బ్రెయిలీ ఆరు చుక్కల లిపిని రూపొందించి, 1852లోనే మరణించాడు. మన దేశంలో అంధుల తొలి పాఠశాల 1887లో అమృతసరులో వెలసింది. అయినా భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా వర్తించే భారతి బ్రెయిలీ 1951లో గాని స్థిరపడలేదు. అంటే చిలకమర్తి వారు గతించిన అయిదేళ్ళకు గాని తెలుగు, ఉర్దూ భాషలకు దేశం అంగీకరించిన ఒకే చుక్కల పద్ధతి రాలేదన్నమాట. ఆ లిపిలో ఎడమచేతి వైపు నుండి కుడివైపుకే తెలుగూ, ఉర్దూ కూడా చదవబడతాయి. కాగితం మీద ఎదురెదురు దిక్కులకు నడిచే మన కళాశాల భాషలు రెండూ అంధుల వేలికొసల క్రింద ఒకే దిక్కుకు నడవడం ఎంత అందమైన విషయం!

స్వాతంత్ర్యానంతరం మార్పు నెమ్మదిగా వచ్చింది. 1995లో పార్లమెంటు వికలాంగుల కొరకు ప్రత్యేక శాసనం చేసింది. దాని స్థానంలో 2016లో వచ్చిన నూతన శాసనం వైకల్యాలను 21 రకాలుగా గుర్తించి, ప్రభుత్వోద్యోగాలలో నూటికి 4, ప్రభుత్వ మరియు సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో నూటికి 5 స్థానాలకు తగ్గకుండా కేటాయించాలని నిర్దేశించింది. పరీక్షలలో చూపులేని విద్యార్థికి వ్రాసిపెట్టే లేఖకుని సహాయం, అదనపు సమయం ఈనాడు హక్కుగా లభిస్తున్నాయి. చిలకమర్తి వారికి స్నేహితుల దయగా దొరికినది నేటి విద్యార్థికి చట్టం ద్వారా దొరుకుతున్నది. దయకు, హక్కుకు మధ్య ఉన్న ఈ దూరమే గడచిన శతాబ్దంలో మనం నడిచిన దూరం.

అయితే శాసనం పుస్తకంలో ఉన్నంత మాత్రాన మెట్ల ప్రక్కన వాలుదారి దానంతట అదే ఏర్పడదు. చట్టం సీటు ఇవ్వగలదు. ప్రక్కన కూర్చొని పాఠం చదివి వినిపించేది తోటి విద్యార్థియే. ఇది మనసులో ఉంచుకొని, కళాశాల సంఘం వారికి రెండు మనవులు సవినయంగా సమర్పిస్తున్నాము. గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ పాఠ్యగ్రంథాలను గొంతుతో చదివి భద్రపరచే ఒక చిన్న విభాగం ఏర్పాటు చేయవలెనని మొదటి మనవి. నేడు చేతిలోని ఫోనుతోనే ఆ పని జరుగుతుంది. ఖర్చు స్వల్పం, ఫలం శాశ్వతం. వికలాంగ విద్యార్థులున్న తరగతులను క్రింది అంతస్తులోనే నిర్వహించవలెనని రెండవ మనవి. విద్యార్థి సోదరసోదరీమణులకు కూడా ఒక మాట. వారానికి ఒక్క గంట చూపులేని ఒకరికి చదివి వినిపించండి. ఆ గంటలో మీరు నేర్చుకొనేది వినేవారు నేర్చుకొనే దానికి తీసిపోదు. గట్టిగా చదివిన పాఠం మరువబడదని మన పెద్దలకు తెలిసినదే గదా!

మన కడియం రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. అంటు కట్టిన కొమ్మ తనంతట తాను బ్రతకదు. కొన్నాళ్ళపాటు మరొక మొక్క వేరు దానికి నీరందించాలి. ఆ తరువాత ఆ కొమ్మ పూసే పూలు ఊళ్ళు దాటి, రాష్ట్రాలు దాటి వెళతాయి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారికి ఆ వేరు దొరికింది. అందుకే నాటకమై, నవలయై, నవ్వులై, పాఠశాలయై, చివరికి ఒక మహత్తర స్వీయచరిత్రయై వారు వికసించారు. అటువంటి వేరు కొరకు ఎదురుచూస్తున్న విద్యార్థి ఈ సంవత్సరం మన తరగతిలోనే ఉండవచ్చు. ఆ విద్యార్థి పేరు అడిగి తెలుసుకోవడమే చిలకమర్తి వారికి మనం సమర్పించగల నివాళి.